రాహేలమ్మ నూరిన సూది

డెబ్బై ఆరులో నంద్యాలకు నర్సు చదువుకొచ్చేనాటికి రాహేలమ్మకు ముప్పై నాలుగేళ్లు. తోటి పిల్లలకు పద్దెనిమిది. వాళ్లు ఆమెను అత్తా అని నోరారా పిలిచేవాళ్లు, అన్నానికి మాత్రం వేరే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. సూదిని చూస్తే ఆమెకు అరచేతులు చెమర్చేవి. నేర్చుకోడానికి బత్తాయి పండుకు గుచ్చమన్నా కళ్లు మూసుకునేది. "శనివారానికి మనిషికి సూది వెయ్యకపోతే పెట్టె సర్దుకో" అంది పాఠం చెప్పే సిస్టరమ్మ.

ఆ వారం వాడిన సూదులను మళ్లీ వాడటానికి ఉడకబెట్టే పని ఆమెది. ఒకదాన్ని దూది మీద లాగితే పోగు తగులుకుంది. మొన వంగి ఉంది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలులకు పదును పెట్టే యాకోబు కూతురామె. నాయన ఇచ్చిన నున్నటి రాయి పెట్టెలోంచి తీసి, ప్రతి సూదినీ దూది మీద జారేదాకా నూరి, మళ్లీ ఉడకబెట్టింది. శనివారం పిల్లలు ఇద్దరిద్దరుగా ఒకరికొకరు సెలైన్ సూది వేసుకున్నారు. "అత్తా, నొప్పే లేదు! ఏం మంత్రమేసినావ్?" "మంత్రమూ లేదు, మాయా లేదు పాపా. మొన సక్కంగుంటే సాలు." పదమూడు మందిలో ఆమెకు జత మిగల్లేదు. సిస్టరమ్మ చూస్తుండగా రాహేలమ్మ స్టూలు మీద కూర్చుని, ఎడమ జబ్బ తుడుచుకుని, కళ్లు తెరిచే సూది దించుకుంది. తీశాక అక్కడ దూది అదిమిపెట్టి, తనకు తానే మెల్లగా చెప్పుకుంది.

"అయిపాయ లేమ్మా."