బావ మోకాలి నిమిత్తం ఇనుపరాతి గుట్టల చుట్టూ

ఏ ప్రయాణమైనా ఒక ఉత్తర్వుతో మొదలు కావాలి. ఉత్తర్వు లేకుండా ఊరు దాటడాన్ని తిరుగుడు అంటారు. ఉత్తర్వు ఇవ్వడానికి ఒక అధికారి, అమలు చేయడానికి ఒక కింది ఉద్యోగి, అమలు జరిగినట్టు ఒక రుజువు ఉంటేనే ఆ ప్రయాణం చెల్లుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఒక పరీక్షల కార్యాలయపు రికార్డుల గదిలో కూర్చున్నవాడిగా ఈ విషయంలో నాకు ఎటువంటి సందేహమూ లేదు. సైకిలు మీద ఇనుపరాతి గుట్టల మట్టిబాటను చుట్టి రాదలచిన పాఠకుల సౌకర్యార్థం, గత ఫాల్గుణంలో ఒక ఆదివారం నేను జరిపిన యాత్ర వివరాలను ఇందుమూలంగా సమర్పిస్తున్నాను.

ఉత్తర్వు ఇచ్చినవాడు మా అక్క భర్త కొమురయ్య బావ. మట్టెవాడలో మా ఇంటికి మూడో ఇల్లు. మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. నేత అంటే చేతుల పని అని చాలామంది భావిస్తారు గానీ, కింద పలకలు రోజంతా తొక్కేవి కాళ్లే. బావ మోకాలికి ఆపరేషన్ జరిగి నాలుగు నెలలైంది. రోజూ సైకిలు తొక్కాలని, తొక్కకపోతే మోకాలు ఇక వంగదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మోకాలు వంగకపోతే మగ్గం ఆడదు. బావ మాత్రం మంచం దిగలేదు. సగం నేసిన ఎర్ర జంపఖానా మగ్గం మీదే ఉండిపోయింది. దాని మీద దుమ్ము పడకుండా అక్క ఒక పాత చీర కప్పింది. ఆ చీరను చూసిన రోజున నేను బావతో గట్టిగానే మాట్లాడాను.

"నీకు పద్ధతులు సెప్పుడే వస్తది బామ్మర్ది," అన్నాడు బావ, గోడ వైపు తిరిగి పడుకునే. "యాభై దాటినంక కాళ్లు మన మాట ఇంటయా? ఇనుపరాతి గుట్ట పెద్ద ఎక్కుడు కాలు కింద పెట్టకుంట తొక్కి సూపియ్యి. నువ్వు ఎక్కితె నేను మంచం దిగుత."

"ఎక్కిన అని రుజువేంది మరి?"

"గుట్ట అవుతల సత్తయ్య గౌడ్ తాళ్లున్నయ్. ఆయన కల్లు తే. ఆ వాసన నాకు ఎరికే. పగటన్నం యాళ్లకు తేవాలె. పులిసిపోయినంక తెస్తె సెల్లదు."

"ఇద్దరు ఇద్దరే," అంది అక్క తలుపు దగ్గర నిలబడి. దీనిని సాక్షి సంతకంగా స్వీకరించాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అక్క పెళ్లైన కొత్తలో బావ, నేను ఆ ఎక్కుడును ఊపిరి తిప్పుకోకుండా ఎక్కేవాళ్లం. చివరిసారి, అంటే ఆరేళ్ల కిందట, ఇద్దరమూ సైకిళ్లు దిగి నెట్టుకుంటూ పోయాం. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరితో ఒకరం కూడా మళ్లీ మాట్లాడుకోలేదు.

ఉదయం ఐదుకు బయలుదేరాను. హన్మకొండ చౌరస్తా దాటి ధర్మసాగర్ రోడ్డు పట్టుకుంటే తారు బాగానే ఉంటుంది. ధర్మసాగర్ చేరేసరికి ఆరున్నర. చెరువు నీళ్లు అప్పుడే తెల్లబడుతున్నాయి. అక్కడ ఆగి చూడాలనిపిస్తుంది. ఐదు నిమిషాలకు మించి ఆగరాదు, ఎండ మీకోసం ఆగదు. అంత దూరం తారురోడ్డు మీద తొక్కడం ఇష్టం లేనివారు సైకిలును ట్రాలీ ఆటోలో వేసుకుని ఇక్కడిదాకా రావచ్చు, నాలుగు వందలు అడుగుతారు. ఏడింటికి దేవునూరు చేరి, రోడ్డు పక్క రేకుల షెడ్డులో ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను. వడ్డించిన ఆవిడ నా హెల్మెట్టును కాసేపు పరిశీలించింది.

"గుట్ట తొవ్వల ట్రాక్టరే మూల్గుకుంట పోతది సారూ. సైకిల్ మీద ఏడికి పోతానవు?"

"ఒక విచారణ నిమిత్తం."

"అయ్యో, ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"లేదమ్మా. మోకాలు."

ఆమె ఇంకో రెండు ఇడ్లీలు వేసింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

ఊరు దాటగానే తారు ముగుస్తుంది. గుట్టల చుట్టూ తిరిగి మళ్లీ దేవునూరుకే వచ్చే మట్టిబాట, నా లెక్కలో పదకొండు కిలోమీటర్లు. మొదటి మూడు చదునుగానే ఉండి మనిషిని నమ్మిస్తాయి. ఆ తరువాత పెద్ద ఎక్కుడు. ఎర్రమట్టి, దాని మీద జారే గులకరాళ్లు, మధ్యలో వానలకు కోసుకుపోయిన గండి. మొదటిసారి ఆ గండి దగ్గరే వెనక చక్రం తిరిగిన చోటే తిరిగి, నా కుడికాలు నేలను తాకింది. ఉత్తర్వును మనసులో మరోసారి చదువుకున్నాను. కాలు పెట్టరాదని ఉంది గానీ, ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో అందులో లేదు. కావున సైకిలును తిప్పి, ఎక్కుడు మొదటికి దిగి, తిరిగి ప్రారంభించాను. రెండోసారి గండి దాటాను. ఇరవై అడుగుల పైన గొలుసు ఊడింది.

చేతులకు నూనె పూసుకుని గొలుసు ఎక్కిస్తుండగా, వెనక నుంచి ఒక పాత సైకిలును నెట్టుకుంటూ ఒక మనిషి వచ్చాడు. హ్యాండిలుకు కల్లు లొట్లు, వెనక తాడి ఎక్కే మోకు. ఎవరన్నది అడగనక్కర్లేదు.

"ముప్పై ఏండ్ల సంది ఈ ఎక్కుడు నెట్టుకుంటనే పోతాన. తొక్కుమని నీకు ఎవడు సెప్పిండు?" అన్నాడు సత్తయ్య గౌడ్.

"మట్టెవాడ కొమురయ్య. మా బావ."

"జంపఖానా కొమురయ్యనా? ఆరేండ్ల కింద మీరిద్దరు నెట్టుకుంట పోంగ తాడి మీదికెళ్లి సూసిన. దిగుడు మొదలైనంక ఎక్కి, గంటలు కొట్టుకుంట దర్జాగ పోయిండ్రు," అని పగలబడి నవ్వాడు.

ఆరేళ్ల రహస్యం తాడిచెట్టు ఎత్తు నుంచి నమోదై ఉందని అప్పుడు తెలిసింది. బావ మోకాలి సంగతి, మగ్గం సంగతి, పందెం సంగతి చెప్పాను. సత్తయ్య నవ్వడం మానేశాడు.

"ముందట చక్రం సూడకు. పైన పూసిన మోదుగ కనవడ్తాంది గద, దాన్నే సూడు. రాయి తగిలినా దాన్నే సూడు. ఇగ కిందికి పో, మల్ల రా. నేను ఈడ్నే నిలవడ్త."

మళ్లీ కిందికి దిగాను. మూడోసారి నేను చూసింది ఎర్రటి ఆ పూత ఒక్కటే. గండి ఎప్పుడు దాటానో తెలియదు. తొడలు మండాయి, చెవుల్లో నా ఊపిరే గాలివానలా వినిపించింది. "తొక్కు, తొక్కు, ఇంక జరంత," అంటూ సత్తయ్య పక్కన పరుగెత్తడం మాత్రం తెలుస్తూనే ఉంది. మోదుగ కిందికి చేరాక కూడా కాలు పెట్టడానికి భయపడి, చెట్టును పట్టుకుని సైకిలు మీదే నిలబడ్డాను.

పైనుంచి ధర్మసాగర్ చెరువు పళ్లెమంత కనిపిస్తుంది. ఒక పక్క నల్లటి బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, మరో పక్క పత్తి ఏరేసిన చేలు, దూరంగా పొగమంచులో ఊళ్లు. చూడదగిన దృశ్యమని ధ్రువీకరిస్తున్నాను.

గుట్ట అవతలి తాళ్ల దగ్గర సత్తయ్య తాటాకు రేకలో కల్లు పోసి తాగించాడు. నా సైకిలు సీసా నింపి యాభై రూపాయలు తీసుకుని, ఇంకో తాడి ఎక్కాడు. నేను నా విధి నిర్వర్తించాను. రుజువు చుక్క కూడా కారిపోకూడదు గనుక మూతను శక్తి కొద్దీ బిగించి, దాని పైన టేపు మూడు చుట్లు చుట్టాను. కార్యాలయంలో ప్రశ్నపత్రాల పెట్టెలకు కూడా ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఉండదు.

దిగుడులో రెండు కిలోమీటర్లు రాళ్ల మీద ఎగిరెగిరి వచ్చాక, తుపాకీ పేలినట్టు శబ్దమైంది. మూత ఎటు పోయిందో నేటికీ తెలియదు. నురగ గడ్డం నుంచి నడుము దాకా తడిపింది. సీసాలో మిగిలింది వాసన మాత్రమే. వెనక్కి వెళ్దామంటే, వంతు కోసం వచ్చిన ఊరివాళ్లకు సత్తయ్య ఈపాటికి కల్లు పోసేసి ఉంటాడు. పగటన్నం వేళ కూడా దాటిపోతుంది. జరిగింది జరిగినట్టు నివేదించడమే మిగిలింది. ధర్మసాగర్ బస్టాపు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "పొద్దుగాల్నే గింత తాగి బండి నడుపుడేంది బిడ్డా? జర నీడకు పండు, సల్లవడ్డంక పోదువు," అన్నాడు. అంగీ మీది రుజువు మరింత ఆరిపోతుందన్న భయంతో ఆగలేదు.

పదకొండు ముప్పావుకు బావ మంచం ముందు నిలబడ్డాను.

"ఎక్కిన బావా. మూడోసారికి. రెండుసార్లు కాలు పెట్టిన, మల్ల కిందికెళ్లి మొదలువెట్టిన. కల్లు పేలింది." ఖాళీ సీసా చూపించాను.

బావ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "రెండుసార్లు కాలు పెట్టిన అని నువ్వే సెప్తానవా? నేనైతె సెప్పకపోదును." చెయ్యి చాచి నా అంగీ అంచు పట్టి ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "సత్తయ్యదే." తరువాత సీసా అందుకున్నాడు. దాని మెడకు వేలాడుతున్న టేపు చూశాడు. ముఖం మారింది.

"టేపా? కల్లుకు మూత బిగించి టేపు సుట్టినవా? నీకు ఉద్యోగం ఇచ్చినోన్ని అనాలె! కల్లు ఊపిరి తీసుకుంటది రా! మూతి కాడ ఆకు కుక్కాలె, గింత మెత్తగ..."

ఎట్లా కుక్కాలో చూపించడానికి ఆకు కావాలి. ఆకు వాకిట్లో ఉంది. బావ గోడ పట్టుకున్నాడు, లేచాడు, గడప దాటి, వేపకొమ్మ అందుకుని రెండు ఆకులు తుంచాడు. అక్క చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. ఆకులు సీసా మూతిలో పెట్టాకే తాను నిలబడి ఉన్నట్టు బావకు తెలిసింది. నేను సైకిలుకు స్టాండు వేసి, సీటు కిందికి దించాను. బావ పళ్లు బిగబట్టి ఎక్కి కూర్చున్నాడు. వెనక చక్రం మెల్లగా ఒక చుట్టు తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. లోపల అక్క మగ్గం మీది చీరను దులపకుండానే తీసేసింది.

ఈ గుట్టలు ఎక్కలేనంత ఎత్తైనవి కావు. ఎక్కలేమని పడుకున్నప్పుడే అవి పెరుగుతాయి. కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టడాన్ని నిషేధించే నిబంధన ఏదీ నా రికార్డుల గదిలో కనబడలేదు. వెళ్లేవారికి ఒక సూచన: ఐదు లోపే బయలుదేరండి, గొలుసుకు ముందురోజే నూనె వేయండి, తొమ్మిదిన్నరలోగా గుట్ట దిగండి.

చివరగా ఒక నియమం. ఇనుపరాతి గుట్టల బాటలో ఇకపై ఏ సీసాకూ మూత ఉండరాదు, మంచినీళ్ల సీసాకు కూడా. ప్రతి సీసాకూ రెండు వేపాకులు మాత్రమే అనుమతించబడతాయి. ఈ నియమం అంతిమం. దీనిపై అప్పీళ్లను మా బావ మంచం వద్ద మాత్రమే స్వీకరిస్తారు. ఆయన ఇప్పుడు అక్కడ దొరకడం లేదు.