వదిలేసిన అల

అలసట అనేది మనిషి ఒంట్లో ఎక్కడ కాపురముంటుంది? కాళ్ళలోనా, నడుములోనా, కళ్ళ వెనకాలనా? నిద్రపోతే తీరిపోయేది ఒకటుంది, దాన్ని గురించి కాదు. మనకంటే ముందే నిద్రలేచి, మంచం పట్టె మీద కూర్చొని మన కోసం ఎదురుచూసేది ఇంకొకటుంది. దాని ఇల్లెక్కడో ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకలేదు, ఈ వయసులో ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. తిప్పేష్ సంగతి చెప్పుకున్నా జవాబు రాదు. అయినా చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ అలసటను మోసుకొని సముద్రం దాకా పోయినవాడు ఉరవకొండ చుట్టుపక్కల అతనొక్కడే.

ఉరవకొండ బస్టాండు నుంచి కొంచెం లోపలికి పోతే మోటార్ల అంగడి. బోర్లలోకి దించే మోటార్లు, డ్రిప్పు పైపులు అమ్ముతారు. కాలిపోయిన మోటార్లకు తీగ మళ్ళీ చుట్టిస్తారు. అంగడి ఇద్దరిది. ఈరప్ప ముందర కుర్చీలో కూర్చొని దారిన పోయేవాళ్ళనందరినీ పేరు పెట్టి పిలుస్తుంటాడు. తిప్పేష్ వెనక రేకుల కింద కూర్చొని రాగి తీగ చుట్టుకుంటుంటాడు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు పెట్టిన అంగడి. ఇప్పుడు ఈరప్పకు పండ్లు ఊడుతున్నాయి, తిప్పేష్‌కు కళ్ళద్దాలు మారుతున్నాయి.

పేరుకు తీగ చుట్టడమే గానీ, తిప్పేష్ ఇన్నేళ్ళూ చేసింది వినడం. మోటరు కాలిందని వచ్చిన రైతు దాన్ని కింద దించి, బోర్లించిన బకెట్ మీద కూర్చొని మొదలుపెడతాడు. నీళ్ళు ఇంకా లోపలికి పోయినాయని, చీనీచెట్లు వాడిపోతాండాయని, ఇంకొక పైపు దించితే అందుతాయేమో అని. నీళ్ళు లేని బోరులో ఉత్తగా తిరిగి కాలిన మోటరు అదని తిప్పేష్‌కు తెలుసు. అయినా "దించి సూడన్నా, అందొచ్చు" అంటాడు. ఆ ఒక్క మాట అనీ అనీ నోరు అరిగిపోయింది. "లేదన్నా, ఆ బోరులో ఇంకేమీ లేదు" అని చెప్పడం అతనికి చేతకాదు. లేదు, వద్దు, కాదు అనే మాటలు అతని నాలుక మీద పుట్టలేదు.

ఇట్లాంటివాడికి ఒకనాడు అంగడి చాలనిపించింది. పొద్దున షట్టరు ఎత్తబోతే చేతులు పైకి పోలేదు. నొప్పి లేదు, జబ్బు లేదు. చేతులు వద్దన్నాయి, అంతే. ఇంటికి పోయి భార్య గంగాదేవికి చెప్పినాడు, ఇంక అంగడి చాలని.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆ ఈరప్పన్నకు చెప్పు" అన్నది ఆమె.

అదే కష్టం. ఈరప్ప అప్పటికే కళ్యాణదుర్గంలో రెండో అంగడికి స్థలం చూసి పెట్టినాడు. ఆ అంగట్లో తిప్పేష్ కూర్చోవాల. ఈరప్ప చెడ్డవాడైతే చెప్పడం సులభంగా ఉండేది. తిప్పేష్ నాయన పాపన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రోజూ సంగటి ముద్ద పట్టుకొని బస్సెక్కి పోయినవాడు ఈరప్ప. అట్లాంటి మనిషి ముందర నిలబడి వద్దు అనడం ఎట్లా?

అంతలో పైపుల కంపెనీ వాళ్ళు ఏటా తిప్పినట్టే డీలర్లను విదేశానికి తిప్పుతామన్నారు. అందరూ బ్యాంకాక్ అనుకున్నారు. బెంగళూరు ఆఫీసులో ఎవరో ఈసారి ఆరోగ్యంగా ఉండాలని శ్రీలంకలో, వెలిగామ అనే ఊళ్ళో, అలల మీద పలకెక్కి నిలబడడం నేర్పే సర్ఫింగ్ క్యాంపు కుదిర్చినారు.

"ఆడికి పోయినాకైనా నోరు తెరువయ్యా" అన్నది గంగాదేవి బట్టలు సర్దుతూ. "రెండు గుక్కలు ఉప్పునీళ్ళు పోయినా పర్వాలేదు."

*

క్యాంపంటే ఇసుకలో వరసగా తాటాకు కప్పిన గదులు, ముందర సముద్రం, గోడలకు ఆనించి రంగురంగుల పలకలు. వెంట వచ్చిన కంపెనీ సారు ఒక గదిలో దిగినాడు. కర్నూలు, బళ్ళారి డీలర్లు వచ్చిన పూటే పేకముక్కలు తీసి నీడలో చేరినారు. ఈరప్ప ఊరుకోలేదు.

"కంపెనీవాడు దుడ్లు కట్టినాంక నేర్చుకోకుండా పోతామా? లెయ్‌రా తిప్పా."

తిప్పేష్ లేచినాడు.

నేర్పేవాడి పేరు నువాన్, నల్లగా నిగనిగలాడే మనిషి. ఇద్దరికీ చెరొక నీలం పలక ఇచ్చినాడు. ఈరప్ప దాన్ని చుట్టూ తిరిగి చూసి, "కొత్త బండి, పూజ చెయ్యకుండా ఎట్లెక్కేది?" అన్నాడు. కుంకుమ పొట్లం అతని సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వంటింట్లో అడిగి టెంకాయ, నిమ్మకాయలు తెచ్చినాడు. పలక మీద కాలు జారకుండా పూసిన మైనంలో కుంకుమ బొట్లు పెట్టినాడు. నిమ్మకాయ పలక కింద పెట్టి, ట్రాక్టరుతో తొక్కించినట్టు ముందుకు తోసినాడు. నిమ్మకాయ నలగకుండా దొర్లుకుంటూ సముద్రంలోకి పోయింది. ఇంక టెంకాయ. చుట్టూ చూస్తే రాయి లేదు, అంతా ఇసుకే. దిష్టి తీసి, పలక మొన మీదనే ఎత్తి ఒకటిచ్చినాడు. పలక లోపల మెత్త. టెంకాయ పగల్లేదు, పలక మాత్రం గుంట పడింది.

నువాన్ పరిగెత్తుకొచ్చినాడు. అంతా చూసి, తల పట్టుకొని, చివరికి తనే టెంకాయను సిమెంటు మెట్టు మీద కొట్టి అందరికీ ముక్కలు పంచినాడు.

"ఇంత మెత్తగుంటే దీనికి దిష్టి కూడా తగల్దు లేరా" అన్నాడు ఈరప్ప కొబ్బరి నములుతూ. నువాన్ తాడుతో కాలిని పలకకు కడుతుంటే, "ఇదేందప్పా, ఎనుమును గాటికి కట్టినట్టు కడతాండావు" అన్నాడు.

మొదట ఇసుక మీదనే బోర్లా పడుకోబెట్టి, అరచేతులు ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడడం నేర్పించినాడు. తర్వాత నీళ్ళలోకి. తిప్పేష్‌కు ఈత వచ్చు. చిన్నప్పుడు వాళ్ళ బాయిలో, నడుముకు బెండ్లు కట్టుకొని నేర్చుకున్నాడు. ఆ బాయి ఎండి ఎన్నో ఏండ్లయింది. అందులోవి ఎక్కడివక్కడ నిలబడిన నీళ్ళు. ఇవి మనిషిని తోసుకొని పోయే నీళ్ళు.

పలక మీద కూర్చొని వచ్చే అలలను చూడాలి, కొన్నింటిని పోనివ్వాలి, సరైనదాన్ని ఎంచుకొని ముందుగా చేతులతో నీళ్ళు తోసుకుంటూ దాంతో పోవాలి. నువాన్ చెప్పింది అంతే. ఈరప్ప హాయిగా కూర్చొని, పక్కనున్న తెల్లపిల్లలతో ఏ భాషో తెలియని భాషలో మాట్లాడుతూ, అలలను కాళ్ళకింద పోనిస్తున్నాడు. తిప్పేష్ ఒక్కదాన్నీ పోనివ్వలేదు. చిన్నదొచ్చినా తోసుకున్నాడు, విరిగిపోయిన నురగొచ్చినా తోసుకున్నాడు. పడినాడు, మునిగినాడు, లేచి పలకను లాక్కొని మళ్ళీ లోపలికి పోయినాడు. ఒక్కసారీ నిలబడలేదు.

దీపాలు పెట్టే పొద్దుకు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయినాడు. గంగాదేవి ఫోను చేసింది.

"చెప్పినావా?"

"యాడ? నోటినిండా నీళ్ళే."

"రేపన్నా చెప్పు. లేకుంటే ఆడనే ఉండిపో."

ఈరప్ప నొప్పుల మందు డబ్బా పట్టుకొచ్చి, తిప్పేష్‌ను బోర్లా పడుకోమని భుజాలు పట్టసాగినాడు. "కళ్యాణదుర్గంలో నీకు పైన గది ఏస్తాండా రా. ఫ్యాను, కిటికీ. రేకుల కింద ఉడికింది చాల్లే నువ్వు."

"అన్నా, ఒక మాట."

"చెప్పు."

తిప్పేష్ నోరు తెరిచినాడు. ఈరప్ప వేళ్ళు మెడ దగ్గర ఆగి ఎదురుచూస్తున్నాయి.

"ఇంకొంచెం కిందికి పట్టన్నా" అన్నాడు.

*

మరునాడూ అదే వరస. నువాన్ చూసి చూసి, తిప్పేష్‌ను ఒడ్డుకు తీసుకొచ్చి కూర్చోబెట్టినాడు. అతనికి కొంచెం తమిళం వచ్చు. బోర్లు వేసే లారీలతో తమిళ పనివాళ్ళు వస్తారు కాబట్టి తిప్పేష్‌కూ కొంచెం వచ్చు. ఇద్దరికీ మధ్య ఆ మాత్రం చాలింది.

"వచ్చిన ప్రతి అలనూ ఎందుకెక్కుతావు?" అన్నాడు నువాన్. "అందుకే నీకు లేచే బలం మిగలడం లేదు."

తిప్పేష్ ఇసుక పిడికిట్లో పట్టుకొని ఆలోచించినాడు. తనకే తెలియని సంగతి చెప్పాల్సి వచ్చింది.

"మా పక్క వాన పడి నేల పదునైతే, ఆ పొద్దు ఎవడూ ఇంట్లో ఉండడు. ఇత్తనం ఎయ్యాల్సిందే. మా చిన్నాయన చచ్చిపోయినప్పుడు గుంతలో మన్నేసి వస్తాంటే వాన పట్టుకుంది. మా నాయన స్నానం కూడా చెయ్యలా. ఆ తడిబట్టతోనే గొర్రు కట్టినాడు, శెనక్కాయ ఏసినాడు. నేను ఎనక ఇత్తనం పోసినా."

"పంట వచ్చిందా?"

"కాయలు పట్టే ఊడలు మన్నులోకి దిగే పొద్దుకు ఎండిపోయింది."

"అయితే?"

"అయితే ఏముంది, మళ్ళీ పదునైతే మళ్ళీ ఏసినాడు. వచ్చినదాన్ని వద్దంటే ఇంకోసారి వస్తాదో రాదో."

నువాన్ సముద్రం వైపు చూసినాడు. అక్కడ ఒకదాని వెనక ఒకటి గీతలు గీసినట్టు అలలు వస్తున్నాయి.

"ఇక్కడ వస్తుంది" అన్నాడు. "నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ రాని రోజు లేదు. ఒంట్లో లేనప్పుడు వదిలెయ్."

తిప్పేష్ తల ఊపినాడు. అర్థమైంది గానీ, నమ్మకం కుదరలేదు.

*

ఆఖరి రోజు పొద్దున టీ తాగుతుంటే ఈరప్ప వచ్చి వీపు మీద చరిచినాడు.

"కంపెనీ సారుతో మాట్లాడేసినా రా! రాత్రి భోజనాల కాడ మనిద్దరికీ దండలేసి కళ్యాణదుర్గం అంగడి సంగతి అందరికీ చెప్తాడంట. బోర్డు మీద ఈరప్ప తిప్పేష్ అని రెండు పేర్లూ పెద్దగా రాపిస్తాడంట."

"నన్ను ఒక మాట అడగలేదే అన్నా."

"నిన్నేంది అడిగేది?" ఈరప్ప ఊడిన పంటి సందు కనపడేట్టు నవ్వినాడు. "పుట్టినాంక ఎప్పుడన్నా వద్దన్నావేంరా?"

"అనలేదన్నా" అన్నాడు తిప్పేష్. టీ చల్లారిపోయింది, అయినా తాగినాడు.

మధ్యాహ్నం దాటినాక ఆఖరి పాఠం. ఇద్దరూ పలకల మీద కాళ్ళు రెండు పక్కలా వేలాడేసి కూర్చున్నారు. దూరంగా ఒక అల లేచింది. అది మంచిదని ఇప్పుడు తిప్పేష్‌కు కూడా తెలుస్తోంది. తెలిసేసరికే చేతులు వాటంతటవి నీళ్ళలోకి పోయినాయి. వాటిని బయటికి తీసి తొడల మీద పెట్టుకున్నాడు. అల దగ్గరికొచ్చింది. కడుపులో నాయన గొర్రు కట్టమని అరిచినట్టయింది. చేతులు కదలనివ్వలేదు. అల అతన్ని మెల్లగా పైకెత్తి, మళ్ళీ మెల్లగా కిందికి దించి, ముందుకు పోయి, ఒడ్డు దగ్గర విరిగి, నురగై, ఇసుకలో ఇంకిపోయింది.

ఏమీ కాలేదు. ఎవరూ తిట్టలేదు.

ఇంకొకటి వచ్చింది. దాన్నీ వదిలేసినాడు. అలసట తగ్గిందా అంటే తగ్గలేదు, ఇంకా బరువుగా, పలక మీద అతనితోపాటు కూర్చొనే ఉంది. కాకపోతే దాన్ని ఎత్తుకొని పరిగెత్తాల్సిన పని లేదని మాత్రం అనిపించింది.

"ఏమప్పా, నిద్రపోతాండావా?" ఈరప్ప అరిచినాడు. "ఎనక సూడు, పెద్దది వస్తాండాది!"

"నువ్వు పోన్నా. నేను రాను."

అల గురించి చెప్పినాడనుకొని ఈరప్ప చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయినాడు. తిప్పేష్ మెల్లగా ఒడ్డు చేరి, కాలి తాడు విప్పి, పలకను గోడకు ఆనించినాడు. ఒళ్ళు కడుక్కొని, బట్టలు మార్చుకొని, సంచి భుజానికేసుకొని కంపెనీ సారు గదికి పోయినాడు. పాస్‌పోర్టులన్నీ ఆయన దగ్గరే.

"ఎక్కడికి తిప్పేష్ గారూ, రాత్రి సన్మానం పెట్టుకొని? విమానం రేపు కదా?"

"కొలంబోకి పోయి కూర్చుంటా సార్. ఆ బోర్డు మీద నా పేరు రాపించొద్దండి. కళ్యాణదుర్గంలో నేనుండను. ఉరవకొండ అంగట్లో కూడా ఇంకుండను."

సారు పెన్ను కింద పెట్టినాడు. "ఈరప్ప గారికి తెలుసా?"

"తెలీదు సార్."

"అదిగో, అక్కడే ఉన్నారు. మీరే చెప్పండి, ఇన్నేళ్ళ స్నేహం."

తిప్పేష్ నీళ్ళకు ముడతలు పడిన వేళ్ళను చూసుకున్నాడు. "రేపు విమానం కాడికి వచ్చేలోపల మీరే చెప్పండి. ఆయన మొగం సూస్తే మళ్ళీ సరే అనేస్తా సార్" అన్నాడు.

రోడ్డు క్యాంపుకు ఆనుకొనే ఉంది, కొబ్బరిచెట్ల అవతల. బస్సు కోసం నిలబడితే చెట్ల సందుల్లోంచి సముద్రం కనపడుతూనే ఉంది. ఈరప్ప ఒక అలతో వస్తున్నాడు. మోకాళ్ళ మీద లేచినాడు, ఊగినాడు, వంగి వంగి, చివరికి నిలబడినాడు. బట్టతల, పొట్ట, చాపిన రెండు చేతులు, అంతా ఎండలో మెరుస్తూ. తెల్లపిల్లలు ఈలలేసినారు. ఈరప్ప అటూ ఇటూ తల తిప్పి నీళ్ళలో వెతికినాడు.

"తిప్పా! సూడ్రా! రేయ్ తిప్పా, సూసినావా?"

కేక రోడ్డు దాకా వచ్చింది. మలుపులో బస్సు కనపడింది. తిప్పేష్ చెయ్యెత్తింది బస్సుకు. ఆగింది. ఎక్కి, సముద్రం లేని పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు.