చాకు పిడి మీద వెన్నెల పేరు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నా భార్య పోయిన గదిలోనే ఇన్నేళ్లుగా ఒక్కణ్నే పడుకుంటున్నాను. ఏ అలికిడీ వినలేదు. వింటే సంతోషించేవాణ్నేమో.

కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కడం నా పని. కథలాపూర్ మల్లేశం నా దోస్తు. కల్లు గీతతో ఇల్లు గడవక గల్ఫ్‌కు బయలుదేరాడు. ప్రయాణానికి ముందురోజు ఇత్తడి పిడి ఉన్న మడత చాకు ఒకటి తెచ్చి, దాని మీద తాటిచెట్టు చెక్కమన్నాడు.

"గా ఎడారిల తాటిచెట్టు యాడ కనవడ్తది? దీన్నే సూసుకుంట," అన్నాడు.

ఒకవైపు చెట్టు చెక్కాను. రెండోవైపు ఖాళీగా ఉంచమన్నాడు. అప్పటికి అతని భార్య రాజవ్వ కడుపుతో ఉంది. "పోరడో పిల్లో పుట్టనీ. నేను తిరిగచ్చినంక గీ పక్కన పేరు కొడుదువు," అన్నాడు.

శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. నేను ఎవరితోనైనా తీరిగ్గా మాట్లాడేది ఆ ఒక్కరోజే. మూడో ఏడు ఫోన్లు ఆగిపోయాయి. పనిచేసే చోట చనిపోయాడని కబురు వచ్చింది. తర్వాత అతని సామాన్లతో ఒక అట్టపెట్టె వచ్చింది. శవాన్ని అక్కడే పూడ్చారన్నారు.

ఒక మధ్యాహ్నం రాజవ్వ ఆ పెట్టెలోని చాకు తెచ్చి నా ముందు పెట్టింది.

"సిరిసిల్లల గిసొంటియి కొనేటోళ్లు ఉన్నరట. ఎంతస్తదో సూడన్నా," అంది. నేను చేతిలోకి తీసుకోగానే గొంతు తగ్గించి, "ఆయనది కాదని చెప్పినా మంచిదే," అంది.

ఆమె వెల కోసం రాలేదని అప్పుడు అర్థమైంది. చాకు అతనిది కాకపోతే, పోయినవాడు కూడా అతను కాకపోవచ్చు.

చింతపండుతో తోమి భూతద్దం కింద పెట్టాను. చెట్టు నాదే. మట్టల మధ్య ఉలి జారి పడిన గీత కూడా ఉంది.

"మనోనిదే చెల్లె," అన్నాను. ఆమె ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

చాకును వెనక్కి తిప్పాను. 'వెన్నెల' అని చెక్కి ఉంది. వాళ్ల బిడ్డ పేరు.

అక్కడ ఎవరితోనో చెక్కించుకున్నాడనుకున్నాను. కానీ 'ల' చివరి ఒంపు దగ్గర చూపు ఆగిపోయింది. మల్లేశం వెళ్లిన మరుసటి ఏడు నా బొటనవేలు తెగి నరం దెబ్బతింది. అప్పటి నుంచి ఆ ఒంపును ఒక్క ఊపులో తిప్పలేను. రెండు ముక్కలుగా చెక్కి కలుపుతాను. ఆ అతుకు ఇక్కడా ఉంది.

"గీ పేరు ఎప్పుడు కొట్టినవన్నా?"

"వాడు పోయేటప్పుడే," అని అబద్ధం చెప్పాను.

"అప్పటికి పిల్ల పుట్టనే లేదు గదా," అంది రాజవ్వ.



ఆమెను అడిగి, చాకును జగిత్యాలలో నాకు పని నేర్పిన ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను.

"ఇత్తడికేమస్తది? చేతిపనికే ధర," అన్నాడు. చాలాసేపు చూశాక, "రెండు పక్కల నీ చెయ్యే. చెట్టు పాతది. పేరు ఏలు తెగినంక కొట్టినవు," అన్నాడు.

గల్ఫ్‌లో మల్లేశం పోయేదాకా అతని గదిలోనే ఉండి తిరిగొచ్చిన రుద్రంగి ఊరి మనిషిని కూడా కలిశాను. "చాకు ఎవ్వలికి ఇయ్యకపోతుండె. పేరా? గా పక్క ఖాళీగనే ఉండె," అన్నాడు.

రాజవ్వ దాన్ని అమ్మలేదు. నన్ను మళ్లీ ఏమీ అడగనూ లేదు.

సముద్రం అవతల ఉన్న చాకు మీద నా చెయ్యి ఎట్లా పడింది? ఎంత ఆలోచించినా తెగదు. గుర్తుకు రాని ఆ పని నేనే చేసి ఉంటే, మల్లేశం అన్నట్టే తిరిగొచ్చి నా ఎదుట కూర్చుని ఉండాలి. అంతసేపూ ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో, కనీసం అదైనా తెలిస్తే చాలు.