ఏసమ్మ మా ఇల్లు చూసిపోయింది

పనికి మనిషి కావాలంటే ఆధార్ కాపీ అడుగుతాం, ఫొటో తీసుకుంటాం, పోలీస్ వెరిఫికేషన్ అంటాం. శామీర్‌పేటలో విల్లా కొన్నప్పటి నుంచి ఆరేళ్లుగా నేనూ అదే చేశాను. మన గురించి కూడా ఎవరైనా వాకబు చేస్తారని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు, ఏసమ్మ వచ్చేదాకా.

అత్తమ్మ తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. నా సెలవు ఆదివారంతో సరి. సోమవారం నుంచి ఆమెను లేపి కూర్చోబెట్టే మనిషి లేకపోతే నా ఉద్యోగం గంగలో కలిసినట్టే. జవహర్‌నగర్‌లో ఏసమ్మ అని ఒకావిడ ఉందని, నమ్మకమైన మనుషులను పంపుతుందని పక్కింటావిడ చెప్పింది. కాకపోతే ముందు ఇల్లు చూడందే ఎవరినీ పంపదట. నాకు ఒళ్లు మండింది. ఇదేమన్నా పెళ్లిచూపులా? అయినా, వచ్చి ఏం చూస్తుందో చూద్దామని ఒక కుతూహలం.

శనివారం పొద్దున వచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషి. చేతిలో గుడ్డసంచి. మోకాళ్ల నొప్పితో మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ముందుగాల బాత్రూం సూపియ్యుండ్రి," అంది.

"మాదా?"

"పనిచేసేటోళ్లు పోయేది."

చూపించాను. లోపలి గడియ రెండుసార్లు వేసి తీసి చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి మంచినీళ్లడిగింది. నా చెయ్యి మొదట పనివాళ్లకని మూలన పెట్టిన స్టీలు గ్లాసు వైపు పోయి, ఆగి, మేం తాగే గ్లాసు తీసింది. ఆమె చూడనట్టే చూసింది.

అత్తమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. ఏ పక్కకు తిరగగలదో, కోపమొస్తే తిడుతుందో లేదో నన్ను కాకుండా ఆమెనే అడిగింది.

"తిడత," అంది అత్తమ్మ.

"ఉన్నదున్నట్టు చెప్పినవమ్మా," అని ఏసమ్మ నవ్వింది.

టీ ఇచ్చి తన సంగతులడిగాను. కీసర దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. భర్త విక్టర్‌తో జవహర్‌నగర్ వచ్చిన కొత్తలో చెత్త డంపు వాసనకు వారం రోజులు అన్నం సహించలేదట. ఇరవై రెండేళ్లు ఇళ్లలో పనిచేసింది. ఒక ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాత్రూం వాడనివ్వకపోతే నీళ్లు తాగడమే మానేసింది. చివరికి ఆస్పత్రి పాలైంది.

"అప్పటి సంది మా చర్చి ఆడోళ్లు ఏ ఇంట్ల పనికి పోవాలన్నా నేను సూసొచ్చినంకనే పోతరు," అంది.

నేను వెరిఫికేషన్ ఫారం తీసి, వచ్చే అమ్మాయి ఆధార్ కాపీ కావాలన్నాను.

"ఇస్తం. మరి మీ దగ్గర ఇంతకుముందు చేసినామె నంబరియ్యుండ్రి. మీరు మా గురించి అడుగుతరు గద, మేం గూడ అడగాలె."



ఇంతకుముందు చేసింది క్రిస్టీనా. పోయినేడు మా పాప వెండి గిన్నె కనబడకుండా పోయింది. దొంగ అని నేను అనలేదు, అంత ధైర్యం నాకెక్కడిది? రేపటి నుంచి రావద్దన్నాను. పనివాళ్ల గురించి కాలనీ అంతా చూసుకునే యాప్‌లో ఆమె పేరు కింద ఇలా రాశాను: "పని బాగుంది. వస్తువులు జాగ్రత్త." కొన్ని నెలలకు ఆ గిన్నె బియ్యం డబ్బా అడుగున దొరికింది. ఊరికి పోతూ అత్తమ్మే దాచి మరిచిపోయింది. క్రిస్టీనాకు ఫోన్ చేయాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చేయను? యాప్‌లో నేను రాసింది అలాగే ఉండిపోయింది.

ఇవ్వనంటే సోమవారం మనిషి రాదు. నంబర్ చెప్పాను. ఏసమ్మ నొక్కుతుండగానే ఆమె ఫోన్‌లో క్రిస్టీనా పేరు దానంతటదే వచ్చింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"నువ్వు చేసిన శామీర్‌పేట ఇంట్లనే ఉన్న. ఎట్లాంటోళ్లు?"

"మంచోళ్లే అక్కా. వాళ్లు తిన్నదే పెడ్తరు."

"మరెందుకు మానేసినవ్?"

"దూరమైంది అక్కా."

నా తప్పును తన మీద వేసుకుంటోంది. నోరు మూసుకుంటే నేను గట్టెక్కుతాను. ఏసమ్మ నా వైపు చూడకుండా టీ తాగుతోంది. నేను ఫోన్ దగ్గరికి వంగాను.

"క్రిస్టీనా, నేను నయనను. గిన్నె దొరికింది. బియ్యం డబ్బాలో అత్తమ్మే పెట్టింది."

"ఎప్పుడు దొరికింది మేడం?"

"దసరాకు ముందు."

ఇప్పుడు ఆషాఢ బోనాలు నడుస్తున్నాయి, దాదాపు పది నెలలు. "సరే మేడం," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"నా దగ్గరికి రాకముందు మీ కాలనీల పదకొండు ఇండ్లకు తిరిగిందమ్మా," అంది ఏసమ్మ. "ఎవ్వరు పెట్టుకోలే."

యాప్ తెరిచి, నేను రాసింది తీసేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తీసేస్తే మీ తప్పు కనవడకుంట పోతది. క్రిస్టీనా మీదున్న మాట పోదు. దొరికిందని రాయుండ్రి."

రాశాను. నా పేరు, ఇంటి నంబర్‌తో సహా. ఆమె నాతో చదివించుకుని విని, సంచి తీసుకుని లేచింది.

"మరి సోమవారం ఎవరైనా వస్తారా?" అని అడిగాను.

"నా చేతుల లేదు బిడ్డా. క్రిస్టీనాను అడగాలె."

ఆదివారం సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాను. ఆరింటికి మోగింది.

"రేపు ప్రియాంక అనే పిల్ల వస్తది. ఆధార్ కాపీ తెస్తది," అంది ఏసమ్మ. "క్రిస్టీనానే పంపుమన్నది. తానైతే రానన్నది."