రాజ్యం ఎవరి పక్షం?

మా ఆయన జోగేశ్వరరావు గారికి ఒకటే పిచ్చి. తన కొట్టు ముందు తనే సమ్మె చేసేవారు.

పాలకొల్లు బజారులో మాది పప్పులూ బియ్యమూ అమ్మే హోల్‌సేల్ కొట్టు. మా బావగారికీ ఈయనకీ ఉమ్మడి. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఈయన కుర్చీలోంచి లేచి, కొట్టు మెట్ల మీద ఎర్ర తువ్వాలు పరుచుకుని కూర్చునేవారు. "జోగేశ్వరరావు దోపిడీ నశించాలి!" అని అరిచేవారు. తర్వాత లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని, "నశించదు, పొండి!" అనేవారు. మళ్ళీ బయటికొచ్చి అరిచేవారు. బస్తాలు మోసేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

"ఒరేయ్, నీ కొట్టు ముందు నువ్వే ఏంట్రా?" అని బావగారు తల పట్టుకునేవారు.

"లోపలున్నది యజమాని జోగేశ్వరరావు. ఇక్కడున్నది కార్మికుడు జోగేశ్వరరావు. ఇద్దరికీ పడదన్నయ్యా."

"మరి భోజనం?"

"దానికి విరామం. ఇవాళ మా ఇంట్లో గుత్తివంకాయ."

కోరికలు కూడా అలాగే ఉండేవి. కిలో పంచదార పొట్లం కూడా ఇంటికి మోసుకురాని మనిషి, "వంద కిలోల బస్తా మొయ్యను, యాభై కిలోలది తెండి!" అని మూడు రోజులు కూర్చున్నారు. ఒకసారైతే "జోగేశ్వరరావుకి జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలి!" అన్నారు. వారం రోజులు బజారంతా అదే నవ్వు. క్షీరారామం గుడికెళ్తే, "మీ ఆయనకి ఎన్నో నెల, రాజ్యం?" అని అడిగారు నన్ను.

నా పేరు రాజ్యలక్ష్మి. అందరూ రాజ్యం అంటారు. నా అసలు కష్టం అక్కడే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, కొట్టు వెనకే ఉన్న మా ఇంట్లోంచి కాఫీ గ్లాసులు పట్టుకుని కొట్టు వెనక గుమ్మంలోకి వచ్చాను. ఈయన పనివాళ్ళని కూర్చోబెట్టి చెబుతున్నారు. "రాజ్యం ఎప్పుడూ యజమాని పక్షమేరా! మంచి మాటలు చెబుతుంది, నమ్మకండి. సమయమొస్తే లాఠీ తీస్తుంది."

కాఫీతో సహా వెనక్కి వెళ్ళిపోయాను. రాత్రి ఏడుస్తూ అడిగాను. "నేనెప్పుడు లాఠీ తీశానండీ?"

ఆయన మంచం మీద నుంచి కింద పడేలా నవ్వారు. "నువ్వు కాదే! రాజ్యం అంటే గవర్నమెంటు, పోలీసులు, కోర్టులు."

"అయితే గవర్నమెంటు అనొచ్చుగా?"

"పుస్తకంలో అలా లేదు."

ఐదో తరగతి చదివినదాన్ని, పుస్తకంతో ఏం వాదిస్తాను? నలభై ఏళ్ళు ఆ మాటతోనే ఆడించారు. నేను అలిసిపోయి కూర్చుంటే, "సమసమాజం వస్తే రాజ్యం దానంతట అదే వాడిపోతుంది. నువ్వప్పుడే మొదలెట్టావా?" అనేవారు.

పోయిన కార్తీకంలో గుండె నొప్పని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. "మీ కూడా ఎవరున్నారండి?" అని నర్సమ్మ అడిగింది.

"రాజ్యం ఉందమ్మా," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "ఇంకా వాడిపోలేదు."

తెల్లారేసరికి ఆయనే లేరు.

తర్వాత కొట్టు ముందు ఎవరూ అరవలేదు. వంటింట్లో పని చేసుకుంటూ నేను మాత్రం అటే చెవి పెట్టి ఉండేదాన్ని.

మొన్న వైశాఖంలో త్రిమూర్తులు పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా మా బస్తాలు మోసిన మనిషి. నడుము వంగిపోయింది.

"రేపట్నించి రావొద్దన్నారండి పెద్దయ్యగారు. కుర్రాళ్ళని పెట్టుకుంటారంట. చెప్పిపోదావని వచ్చేనండి."

"ఆయన ఉంటే మెట్ల మీద కూర్చునేవారు," అన్నాను.

"ఆయ్. ఆ సమ్మెలన్నీ మాయేనండమ్మగారూ."

"అదేంటి?"

"మేం నోరెత్తితే పని పోద్ది కదండీ. తమ్ముణ్ణయితే తీసెయ్యలేరు కదా! అందుకని మా కోరికలు అయ్యగారు తన పేరు మీద అరిసేవారండి. యాభై కిలోల బస్తా నాకోసవేనండి."

"మరి ప్రసూతి సెలవు?"

"పప్పులు చెరిగే తబితకండి. కడుపుతో ఉందని పనిలోంచి తీసేత్తారని బయపడింది. ఊరు నవ్వితే నవ్వింది, సెలవొచ్చిందండి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే బీరువాలోంచి ఎర్ర తువ్వాలు తీశాను. నలభై ఏళ్ళలో ఒక్కసారీ ఎక్కని కొట్టు మెట్ల మీద పరిచి కూర్చున్నాను.

"ఏంటమ్మా రాజ్యం, ఇక్కడ కూర్చున్నావు?" బావగారు కంగారుగా వచ్చారు.

"సమ్మె అండి, బావగారూ. రాజ్యానికి నడుము నొప్పి. బరువులు మొయ్యలేదు. కూర్చుని చేసే పని కావాలి."

బావగారు నన్ను చూశారు. రోడ్డవతల నిలబడ్డ త్రిమూర్తుల్ని చూశారు. తర్వాత తువ్వాలునే చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వాడు పోయాడనుకున్నాను," అని గొణిగి, లోపలికి కేకేశారు. "ఒరేయ్, కాటా దగ్గర త్రిమూర్తులుకి కుర్చీ వెయ్యండి. సమ్మెవాళ్ళకి కాఫీ తెప్పించండి!"

త్రిమూర్తులు నా పక్కనే కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"రాజ్యం ఎప్పుడూ యజమాని పక్షమేననేవారండి అయ్యగారు."

"పుస్తకంలో అలాగే ఉందట, త్రిమూర్తులూ," అన్నాను కాఫీ అందుకుంటూ. "ఏం చేస్తాం, నేను చదవలేదు."