తొట్టిలో మొదటి గుక్క

పోయిన వారం మా అత్తమ్మ కన్నుమూసింది. నిద్రలోనే పోయింది. మా ఊరు గట్టులో ఆమెను ఎరిగినవాళ్లెవరూ ముందు నమ్మలేదు. ఎవరినీ ఒక్క మాటైనా అనకుండా పోయే మనిషి కాదు మరి. నన్ను అన్న మాటలు మూటగడితే బండి చాలదు. అయినా ఆమె పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చేది ఒక ఎండాకాలం ఆమె తనను తాను అనుకున్న మాట.

ఎనభైల చివర్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వాన మీద ఆధారపడ్డ చేను, ఒక మూలన చిన్న బావి, ఒకే ఒక్క పాడిబర్రె. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి కోసుకోవచ్చని పశువుల దవాఖాన కాంపౌండరు లూసర్న్ గడ్డి విత్తనాలిచ్చాడు. అత్తమ్మ బావి పక్క మడిలో మాగిన పెంట పోయించి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లించి, రెండూ మట్టిలో కలిసేలా దున్నించాకే విత్తనం సంచి విప్పింది.

"గడ్డికి గింత ఎరువెందుకు అత్తమ్మా?" అని అడిగాను.

"కోసుకుంటనే ఉంటం గదనే. కోసినప్పుడల్లా భూమి బలం తీస్కపోతున్నట్టే. మళ్ల ఇయ్యకుంటే అది మాత్రం ఏడికెళ్లి తెస్తది?"

కోత అయ్యాక కొంచెం సూపర్, వెంటనే నీళ్లు. ఆకు మీద మంచు ఆరకముందే ఎవరైనా ఎరువు గంప ఎత్తుకుంటే, తడి ఆకుకు ఎరువంటి మాడుతుందని వాళ్ల ఏడు తరాలనూ తలుచుకునేది. యూరియాను మాత్రం ఆ మడి దగ్గరికి రానిచ్చేది కాదు. "పల్లి చేనుకు యూరియా ఏస్తమా? గిది గూడ గట్లనే. దాని బువ్వ దాని ఏర్లే అండుకుంటయ్" అనేది.

నా బిడ్డ పుట్టిన ఎండాకాలం ఆ మాట ఆమే తప్పింది. బాలింత జ్వరంతో నాకు పాలు ఎండిపోయాయి. మా ఆయన కాలువ పనికి కర్ణాటక పోయాడు. పసిపిల్ల బతుకంతా ఆ బర్రె పాల మీదే ఉంది. బావిలో నీళ్లు అడుగంటుతున్నాయి. కోసిన లూసర్న్ తిరిగి సరిగా లేవలేదు, లేచినంత మేరా పాలిపోయింది. బర్రె పాలు పూటపూటకూ తగ్గుతుంటే అత్తమ్మ కళ్లు మడి నుంచి ఉయ్యాలకు, ఉయ్యాల నుంచి మడికి తిరిగేవి. నాకు చాలా భయంగా ఉండేది. ఆమెకు ఇంకా ఎక్కువ ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఒక పొద్దున, వానాకాలంలో వరికి వేయగా మిగిలిన యూరియా బస్తా తీసింది.

"నువ్వే వద్దంటివి గద అత్తమ్మా."

"పచ్చగైతే పాలొస్తయ్. నువ్వు నోరు మూసుకొని పిల్లను చూస్కో."

వరికి చల్లినట్టే చల్లేసింది. మా వైపు ఎరువు బస్తాను ఎవరూ పారేయరు. కడిగి, నాలుగైదు కలిపి కుడితే వడ్లు ఆరబోసే పట్టా అవుతుంది. ఆమె కూడా బస్తాను బర్రె నీళ్ల తొట్టిలోనే ముంచి కడిగింది. నీళ్లు పారబోసేలోగా లోపల పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బస్తాను గోడ మీద పడేసి పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఊరుకునేసరికి తొట్టి సంగతి మరిచిపోయింది. ఎండలో మేసి వచ్చిన బర్రె ఆ నీళ్లే తాగింది.

ముందు చెవులు వణికాయి. తర్వాత ఒళ్లంతా. నోట నురగ, కడుపు డప్పులా ఉబ్బింది. వాడకట్టు జనమంతా పోగయ్యారు. తడి లూసర్న్ తింటే కడుపుబ్బుతుందని అందరికీ తెలుసు. గడ్డి వల్లేనని తేల్చేసి, ఉబ్బరం దిగడానికి పోసే నూనె సీసా కూడా తెచ్చారు. నేనూ అదే అనుకున్నాను. కాంపౌండరు సైకిలు దిగుతూనే ఏం మేపారని అడిగాడు. అందరూ లూసర్న్ అన్నారు.

అత్తమ్మ తొట్టి పక్కన నిలబడి ఉంది. ఆమె మాట్లాడకపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"గడ్డి గాదు సారూ," అంది, అందరికీ వినపడేట్టు. "యూరియా బస్తా తొట్టిల కడిగిన. నీళ్లు పారబోయలే. గవ్వే తాగింది. గడ్డిది తప్పు లేదు, తప్పు నాది."

కాంపౌండరు నూనె సీసా పక్కన పెట్టించాడు. "యూరియా యిషం ఇరగాలంటే పులుపు గావాలె, సల్లటి నీళ్లు గావాలె. ఎంతుంటే అంత తెండి" అన్నాడు. ఏడాదికని దాచిన చింతపండు జాడీ అత్తమ్మ ఒక్కసారిగా కుమ్మరించింది. పులుసు పిసికి వెదురు గొట్టంతో పోస్తూనే ఉన్నారు. బర్రె మోకాళ్ల మీద కూలింది. అత్తమ్మ దాని తల ఒళ్లో పెట్టుకొని తిట్టింది, నన్ను తిట్టే గొంతుతోనే. "లెవ్వే. పిల్ల ఏడుస్తున్నది, ఇనస్తలేదా నీకు?"

పొద్దు వాలేలోగా అది లేచి నిలబడింది. అత్తమ్మ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కొన్నాళ్లు ఆ పాలు పిల్లకు పట్టొద్దని కాంపౌండరు చెబితే, పక్కింటి పెద్దమ్మ మేకపాలు పోసింది.

యూరియా పడ్డ మడిలో లూసర్న్ ఆకులు మాడాయి. మధ్యలో గరిక మాత్రం ఏపుగా పెరిగింది. "సేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే గిదేనే" అంటూ దాన్ని కూర్చుని ఏరి, మళ్లీ పెంట, సూపర్ వేసింది. తర్వాతి కోతకు గడ్డి లేచింది.

ఆ రోజు నుంచి బర్రెను తొట్టి దగ్గరికి తోలితే, ముందు తాను దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని, పుక్కిలించి ఉమ్మేది. ఆ తర్వాతే "తాగు" అనేది. ఏళ్లు గడిచి, ఆ బర్రె పోయి దాని సంతానం వచ్చినా మానలేదు.

"ఇంట్ల యూరియానే లేదు గద అత్తమ్మా" అని నవ్వేదాన్ని.

"నాకు తెల్సే. దానికి తెల్వదు గద" అనేది.

ఆమెను సాగనంపిన మర్నాడు, ఆ బర్రె మనవరాలి కూతురిని నేనే తొట్టి దగ్గరికి తోలాను. అది తల ఎత్తి నిలబడింది. మూతి దించలేదు. మా ఆయన దాని వీపు తట్టాడు, అదిలించాడు. కదలలేదు. కాసేపటికి అది దేనికోసం ఆగిందో నాకు తెలిసింది. వంగి దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని ఉమ్మాను.

"తాగు" అన్నాను. అప్పుడు తాగింది.