పంపు సీలు తెంచింది నేనే

ఆళ్లగడ్డ పాత మనుషుల్లో ఒక మాట ఇప్పటికీ నిలిచి ఉంది. ఫలానా డ్రైవరు రేడియేటర్‌లో నీళ్లు చూసుకోకుండా బండి తోలి ఇంజను కాల్చేశాడని. ఆ మాట పుట్టడానికి కారణం నేను. అది అబద్ధమని మొదటి నుంచీ తెలిసినవాణ్ణి కూడా నేనే.

డెబ్బైలలో నేను నంద్యాలలో డీజిల్ పంపులు బాగుచేసే ఒక షాపులో పని నేర్చుకున్నాను. ఇంజనుకు ఎంత డీజిల్ వెళ్లాలన్నది పంపులోని ఒక స్క్రూ మీద ఉంటుంది. మా ఉస్తాద్ దాన్ని మెషిను మీద సరిచూసి, సన్నటి తీగ చుట్టి, సీసం బిళ్లతో సీలు వేసి, బిళ్ల మీద తన గుర్తు నొక్కేవాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డలో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చే బళ్లలో ఒక డీజిల్ పికప్ ఉండేది. దొర్నిపాడు నుంచి శనక్కాయల మూటలు తెచ్చేది, అహోబిలానికి సిమెంటు వేసుకుపోయేది. దాని ఓనరు ఒకరోజు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏందప్పా ఈ బండి. ఎదురుగాలి కొడితే నిలబడతాంది. నిన్న అహోబిలం ఎగువకి ఎక్కుతాంటే ఒకడు కొత్త బండిలో హారను కొట్టుకుంటా దాటుకోని పాయె. కొత్త ఇంజను నా చేత గాదు. తక్కువలో ఏమన్నా చెయ్."

"చేస్తాలే అన్నా. రేపు వచ్చి ఎక్కి చూడు" అన్నాను.

ఖర్చు లేకుండా చేయదగ్గ మంచి పనులు ఉన్నాయి. నాజిళ్లు కడిగాను. ఎయిర్ ఫిల్టరులో ఆయిలు మార్చాను. వాల్వుల సందు సరిచేశాను. వెనక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేశాను. బండి కొంచెం హుషారైంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ కొంచెం నాకు చాలలేదు. ఓనరు బల్ల మీద నుంచి లేచి నన్ను మెచ్చుకోవాలి. కటింగ్ ప్లయరుతో మా ఉస్తాద్ వేసిన సీలు తెంచి, డీజిల్ ఎక్కువ పోయేలా స్క్రూను ఒకటిన్నర చుట్టు తిప్పాను.

మరుసటి రోజు ఓనరు బండి తోలి నవ్వుతూ దిగాడు. "దున్నపోతు మాదిరి గుంజుతాంది కదప్పా" అన్నాడు. ఆ వారంలో నా షెడ్డు ముందుకు ఇంకో నాలుగు బళ్లు వచ్చాయి.

ఆ బండికి డ్రైవరు నాకంటే పదేళ్లు పెద్ద. నెమ్మదస్తుడు. ఆదివారం పొద్దున చర్చికి పోయొచ్చాకే స్టీరింగు పట్టేవాడు. ఆయన రెండు సార్లు నా దగ్గరికి వచ్చాడు.

"పొగ బో నల్లగ వస్తాందప్పా. ఎక్కుడులో ఇంజను కాగిపోతాంది. ఒకతూరి చూడు."

"పని చేసే బండికి పొగ రాదా అన్నా? నువ్వు బీడీ తాగితే రాదా?" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన బీడీ తాగడని అందరికీ తెలుసు.

నెల తిరక్కుండానే ఎగువ అహోబిలం దారిలో, సిమెంటు లోడుతో, ఇంజను పోయింది. ట్రాక్టరుకు కట్టి నా షెడ్డుకే లాక్కొచ్చారు. రేడియేటర్ ఎండిపోయి ఉంది. హెడ్డు విప్పాను. నీళ్లు లేక పోయిన ఇంజనులో పిస్టను పక్కలు గీరుకుపోతాయి. ఇక్కడ పక్కలు నున్నగా ఉన్నాయి. పిస్టను నెత్తిన, డీజిల్ పడే చోట, వేలు పట్టేంత రంధ్రం. ఎక్కువ డీజిల్ మండి, వేడి పెరిగి, నీళ్లు ఆవిరైపోయాయి. చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది.

ఓనరు నలుగురు మనుషులతో వచ్చాడు. "ఎట్లా పాయెప్పా?"

"నీళ్లు తగ్గినట్టుండాదన్నా."

"నీళ్లు పోసినా" అన్నాడు డ్రైవరు. "దిగువ అహోబిలంలో నిండా పోసినా."

ఓనరు నా షెడ్డులోని నరసింహస్వామి పటం ముందు కర్పూరం వెలిగించాడు. మా వైపు తగాదా తెగకపోతే అదే పద్ధతి. "దీని మీద చెయ్యి పెట్టి పోసినానని ప్రమాణం చెయ్. ఇంగ నేను మాట్లాడను."

"నేను ప్రమాణం చెయ్యనన్నా. మా దేవుని మీద గూడా చెయ్యను. మాకు చెయ్యకూడదు. పోసినా అంటే పోసినా, అంతే."

"పోసింటే కర్పూరమంటే భయమేంది?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు.

డ్రైవరు నా వైపు ఒకసారి చూశాడు. నేను తల వంచుకుని స్పానరు తుడుచుకుంటూ ఉండిపోయాను. కర్పూరం ఆరిపోయింది. తాళంచెవి బల్ల మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు.

ఇంజను మళ్లీ కట్టేటప్పుడు పంపును మెషిను మీద సరిచూపించాలి. దాన్ని నంద్యాలకు తీసుకుపోయే ముందు స్క్రూను వెనక్కి తిప్పి, పాత బ్యాటరీ సీసం కరిగించి దొంగ సీలు వేశాను. ఇంజను పోయిన సంగతి అప్పటికే విన్న ఉస్తాద్ ఆ సీలును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ బిళ్ల నాది కాదు. డ్రైవరు ఏమాయె?"

"మాన్పించినారు."

పంపు నా ముందుకు నెట్టాడు. "ఇంగ నా షాపుకు రావాకు."

ఆళ్లగడ్డలో ఆ డ్రైవరుకు మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. భార్య పుట్టినూరు జూపాడు బంగ్లాకు పోయి కూలికి దిగాడు. ఎనభైలు అయిపోతుండగా, ఇక మోయలేక అక్కడికి వెళ్లాను. మిరప చేలో ఉన్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను.

"నాకు ఆ పొద్దే అనుమానం" అన్నాడు. "నువ్వే చెప్తావని చూసినా."

"మరి నువ్వెందుకు అనలేదన్నా?"

"నువ్వు తిప్పింది నేను చూళ్లే. చూడంది ఎట్లా చెప్పేది?" చేతులు దులుపుకుని ఇంకో మాట అన్నాడు. "ఈడికొచ్చి నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే గదా. ఆడ చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. ఓనరు బతికి ఉన్నాడని ఒక సాకు, షెడ్డు మూతపడుతుందని ఇంకో సాకు. ఓనరు పోయాడు. పోయిన ఏడు డ్రైవరు కూడా పోయాడని తెలిసింది. అప్పుడు నోరు తెరిచాను. ఆ రోజు కర్పూరం దగ్గర మాట విసిరిన మనిషి టీ అంగడి దగ్గర కనబడితే, పక్కన కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. "ఏమోప్పా" అన్నాడు. "అయినా ఆయప్ప ఆ పొద్దు ప్రమాణం చెయ్యలే గదా."

"ఆయన చెయ్యలే. నన్ను అడిగింటే చేసేవాణ్ణి" అన్నాను. "పంపు ముట్టుకోలేదని, నరసింహస్వామి మీదనే."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.